రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపించే పరికరం): రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం) కొత్తగా పెట్టేవాళ్ళు ముందు కొనాల్సింది ఇదే
మొదట్లో ఉప్పు కొలవడానికి ముల్లు లేచే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ వాడాను, ముల్లుకి చిన్న గాలి బుడగ అంటుకున్నా రీడింగ్ ఎక్కువ చూపించేది, అది నమ్మి మంచినీళ్ళు కలుపుతూ పోయా, ఉప్పు బాగా తగ్గిపోయి జోయాంథిడ్స్ (పువ్వుల్లా విచ్చుకునే పగడం లాంటి జీవులు) వారం రోజులు విచ్చుకోలేదు, చాలా బాధేసింది.

ఈ రిఫ్రాక్టోమీటర్ తీసుకుని ఆరు నెలలైంది. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూతేసి, అర నిమిషం ఆగి వెలుతురు వైపు చూస్తే నీలం, తెలుపు కలిసే గీత 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) దగ్గర, అంటే సాపేక్ష సాంద్రత స్కేలు మీద సుమారు 1.026 దగ్గర, క్లియర్‌గా కనిపిస్తుంది. ఒక్క మాట, ఆర్‌ఓ నీళ్ళతో సున్నా సెట్ చేసి వదిలేయకండి, 35 పీపీటీ కాలిబ్రేషన్ లిక్విడ్‌తోనే (రీడింగ్ సరిచూసుకోడానికి వాడే ద్రవం) చెక్ చేసుకోండి, నాది సున్నా దగ్గర కరెక్టే గానీ 35 దగ్గర రెండు పాయింట్లు తేడా వచ్చింది. వాడాక గాజు కడిగి తుడవాలి, లేకపోతే ఉప్పు పేరుకుంటుంది.