గిటార్‌కి షీల్డింగ్ చేయించబోతున్నారా? డబ్బు ఇచ్చే ముందు జాగ్రత్త

ఎలక్ట్రిక్ గిటార్‌లో గుయ్‌మనే మోత భరించలేక షీల్డింగ్ (శబ్దాన్ని అడ్డుకోడానికి లోపలంతా రాగి రేకు అంటించడం) చేయించాలనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. నేను చేయించాను. డబ్బు పోయింది, మూడు వారాలు గిటార్ చేతిలో లేదు, మోత మాత్రం అలాగే ఉంది. పైగా లేని సమస్య ఒకటి కొత్తగా వచ్చి పడింది.

నాది ఒక్కో తీగచుట్టతో తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న గిటార్. యాంప్‌లో గెయిన్ (సిగ్నల్ బలాన్ని పెంచే నాబ్) కొంచెం పెంచితే చాలు, వాయించడం ఆపిన ప్రతిసారీ మోత. రిపేరు చేసే అతనికి చెబితే "లోపలంతా కాపర్ టేప్ వేస్తే మొత్తం పోతుందండీ" అన్నాడు. అది ఎలాంటి శబ్దం, ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని ఒక్క మాట అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇంటికి తెచ్చి ప్లగ్ చేస్తే అదే మోత. దానికి తోడు కేబుల్ కాస్త కదిలితే సౌండ్ పూర్తిగా ఆగిపోతోంది. పిక్‌గార్డ్ (ముందు వైపు పలక) విప్పి చూశాను. లోపల రాగి తళతళలాడుతోంది, చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండూ కలిసి ఉంటే బీప్ వచ్చే మోడ్) పెట్టి, ఒక పిన్ను ఒక ముక్క మీద, రెండో పిన్ను దాని పక్క ముక్క మీద ఆనించాను. బీప్ లేదు. ఇంకో రెండు ముక్కలు చూశాను, అక్కడా లేదు. టేప్ వెనక ఉన్న జిగురు కరెంటును పోనివ్వని రకం. ముక్క మీద ముక్క వేసినా ఒకదానికొకటి కలవలేదు, గ్రౌండుకు (సిగ్నల్ తిరిగి వెళ్లే దారికి) వైరు కూడా వేయలేదు. గ్రౌండుకు కలవని రేకు ఉన్నా లేనట్టే. కేబుల్ గుచ్చే జాక్ గుంటలోని ముక్క ఒక్కటే జాక్ ప్లేటుకు తగిలి గ్రౌండ్ అయింది. కేబుల్ కదిలినప్పుడు జాక్‌లో సిగ్నల్ వచ్చే టిప్ వెళ్లి సరిగ్గా ఆ ముక్కకే తగులుతోంది, అక్కడ షార్ట్!

ఇంత బాధలోనూ తెలిసొచ్చిన అసలు విషయం ఇంకొకటి ఉంది. ఆ పని శుభ్రంగా చేసినా నా మోత పోయేది కాదు. ట్రాన్స్‌ఫార్మర్లు, గోడల్లోని కరెంటు వైర్ల అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే హమ్ వేరు. అది కరెంటు సరఫరాను బట్టి 50 లేదా 60 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది. పలుచని రాగి రేకు దాన్ని ఆపలేదు. డిమ్మర్లు, ట్యూబ్‌లైట్లు, ఛార్జర్ల వల్ల జర్‌ర్‌మని వచ్చే బజ్ వేరు. షీల్డింగ్ పనిచేసేది దీని మీదే.

మీది ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ముందు గిటార్ వాల్యూమ్ సున్నాకి దించండి. అయినా శబ్దం వస్తుంటే యాంప్, కేబుల్, కరెంటు లైన్ చూసుకోండి, గిటార్‌ని విప్పకండి. సున్నాలో పోతే మళ్లీ పెంచి, కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చుట్టూ తిరగండి. ఒక దిక్కుకి తిరిగితే దాదాపు పోయి, ఇంకో దిక్కుకి పెరిగితే అది అయస్కాంత హమ్. తీగల మీద చెయ్యి పెట్టగానే బాగా తగ్గితే అది బజ్, దానికి షీల్డింగ్ ఉపయోగపడుతుంది. తిరిగినా, చెయ్యి పెట్టినా ఏ మార్పూ లేకపోతే తీగలు ఆనే బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు తెగిందేమో చూడాలి. చెయ్యి పెడితే శబ్దం పెరిగితే ఎక్కడో వైర్లు తిరగబడి ఉండొచ్చు. తీగలు తాకితే షాక్ కొట్టినట్టు జిల్లుమంటే మాత్రం వెంటనే ఆపేయండి, యాంప్‌కి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. మోత తగ్గుతుందని ఎర్త్ పిన్ తీసేయమని ఎవరు చెప్పినా వినకండి, అది ప్రాణాలతో చెలగాటం.

నాది హమ్మే. యాంప్‌కి రెండడుగుల దూరంలో కూర్చుని వాయించేవాణ్ణి. దూరం జరిగితే సగం తగ్గింది. మధ్య పికప్ మిగతా వాటికి ఎదురుగా చుట్టిన రివర్స్ వైండింగ్‌ది కావడంతో సెలెక్టర్‌ని 2 లేదా 4లో పెడితే (మధ్యదీ పక్కదీ రెండు పికప్‌లు కలిసి పనిచేసే చోట్లు) దాదాపు పోతుంది. మిగతా పొజిషన్లలో కూడా పోవాలంటే హమ్‌ని రద్దు చేసే పికప్ వేయించుకోవడం ఒక దారి. ఒకదానికొకటి ఎదురుగా చుట్టిన రెండు కాయిళ్లతో హమ్‌ని రద్దు చేసే హమ్‌బకర్‌కి గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లోనే పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు.

మీది బజ్ అని తేలి చేయిస్తుంటే, జిగురు కూడా కరెంటు పోనిచ్చే టేపేనా అని ముందే అడగండి. తీసుకునేటప్పుడు మీ ఎదురుగానే పిక్‌గార్డ్ విప్పించి, ప్రతి ముక్కకీ గ్రౌండుకీ మధ్య మీటర్ బీప్ వినిపించాకే డబ్బు ఇవ్వండి. నేను జాక్ గుంటలోని ముక్క పీకేసి, అక్కడ ఇన్సులేషన్ టేప్ వేశాను. సౌండ్ ఆగిపోవడం తగ్గింది. ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.