గో భాష సింటాక్స్: సెమీకోలన్ కనిపించదు, కానీ ఉంటుంది

చదవడానికి గో (Go) ప్రోగ్రామింగ్ భాష కోడ్ అంత హాయిగా ఉండే కోడ్ తక్కువ. ఆ హాయి వెనకున్న షరతులు మాత్రం తెలుసుకుని దిగాలి.

సెమీకోలన్ మనం టైప్ చేయనక్కర్లేదు గానీ, అది వ్యాకరణంలోంచి పోలేదు. లైను చివర పేరో, సంఖ్యో, మూసే బ్రాకెట్టో ఉంటే లెక్సరే (కోడ్‌ను పదాలుగా విడగొట్టే కంపైలర్ భాగం) ఒకటి చేరుస్తుంది. అందుకే ఇఫ్ షరతు రాసి { ని కింది లైన్లో పెడితే కంపైల్ కాదు. జాబితాను లైనుకొకటిగా రాసి, మూసే బ్రాకెట్టును విడి లైన్లో పెడితే ఆఖరి అంశం తర్వాత కూడా కామా ఉండాల్సిందే. మెథడ్లను వరసగా పిలిచేటప్పుడు చుక్క లైను చివరే ఉండాలి.

అసలు ప్రమాదం, వేరియబుల్‌ను ప్రకటించి వెంటనే విలువ ఇచ్చే := తో. బయట ఎర్ (లోపాన్ని దాచుకునే వేరియబుల్) ఉండగా, ఇఫ్ బ్లాకు లోపల 'డేటా, ఎర్ :=' అని రాస్తే రెండూ కొత్తగా పుడతాయి. లోపల వాటిని వాడేస్తే కంపైలర్ నోరు మెదపదు. బయటి ఎర్ నిల్‌గానే (ఖాళీగా, అంటే లోపం లేనట్టే) ఉండిపోయి, విఫలమైన పని సవ్యంగా జరిగినట్టే తిరిగొస్తుంది. కోడ్‌లో పొరపాట్లు వెతికే గో వెట్ మామూలుగా దీన్ని పట్టదు. బయటి పేరును లోపలి పేరు కప్పేయడాన్ని పట్టే షాడో తనిఖీని విడిగా పెట్టుకోవాలి. డేటాను వర్‌తో ముందే ప్రకటించి = వాడటం మేలు.

పెద్దక్షరంతో మొదలైన పేరే ప్యాకేజీ బయటికి కనిపించడం చాలా మంచి నియమం. పెద్ద, చిన్న అక్షరాల తేడా లేని లిపులకు మాత్రం అన్యాయమే. టెర్నరీ (షరతును బట్టి రెండింటిలో ఒక విలువ ఎంచే ?: గుర్తు) లేదు, లోటూ లేదు.

ఫర్ లూప్ వేరియబుల్ ప్రతి చుట్టుకూ కొత్తదవడం 2024లో, గో 1.22 వెర్షన్‌తో వచ్చింది. ప్రాజెక్టుకు వాడే గో వెర్షన్ రాసి ఉండే గో.మాడ్ ఫైల్లో పాత వెర్షన్ రాసి ఉంటే పాత ప్రవర్తనే కొనసాగుతుంది, ఆ లైను మార్చుకోండి.