కారుకు కాలిగొలుసులు: టైరు చైన్లను మూడు శీతకాలాలు వాడిన అనుభవం

మా ఇల్లు చిత్తూరులో, ఉద్యోగం కాశ్మీరులోని అనంతనాగ్ దగ్గర ఒక రోడ్డు పనిలో. మూడేళ్లుగా సంక్రాంతికి కారు నడుపుకుంటూనే ఇంటికి వస్తున్నాను. మనకు ధనుర్మాసం ముగియవచ్చే రోజుల్లో కాశ్మీరులో చిల్లై కలాన్ నడుస్తుంటుంది. డిసెంబరు 21న మొదలై 40 రోజులుండే ఆ గడ్డుచలిలో, పగలు కాస్త కరిగిన మంచు చీకటి పడేసరికి మళ్లీ గడ్డకట్టి, గాజుపలకలా రోడ్డును పట్టుకుంటుంది. ఏడెనిమిది నెలలు ఇంటిముఖం చూడని నాకు సెలవు దొరికేది కూడా సరిగ్గా అప్పుడే.

శ్రీనగర్ వైపు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు దాకా, అక్కడి నుంచి నంద్యాల, కడప, రాయచోటి, పీలేరు మీదుగా చిత్తూరుకు దాదాపు 3,000 కిలోమీటర్లు. ఇంత దారిలో, మంచు మీద జారకుండా టైర్లకు తొడిగే ఈ ఇనుప చైన్లు చక్రాల మీద ఉండేది గట్టిగా 40 కిలోమీటర్లు. మిగతా దారంతా అవి డిక్కీలో పడి ఉండి, అమ్మకు తెచ్చే ఆపిల్ పెట్టెకు చోటు లేకుండా చేస్తాయి. అయినా ఆ 40 కిలోమీటర్లు దాటనిదే మిగతా దారి మొదలే కాదు కనుక, వీటికి పెట్టిన డబ్బు వృథా అని నేనెన్నడూ అనుకోలేదు.

మొదటి ఏడాది కొన్నవి నిచ్చెన రకం. టైరుకు రెండు పక్కలా రెండు పొడుగు గొలుసులు, వాటిని కలుపుతూ నిచ్చెనమెట్లలా అడ్డగొలుసులు ఉంటాయి. ధర తక్కువ. ఏ చిన్న కారుకైనా సరిపోతాయని అమ్మినాయన చెప్పిన మాట నమ్మడం నా పొరపాటు. టైరు పక్కగోడ మీద 185/65 ఆర్ 15 అని ఉంటే, మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము కొలత. చైన్ల పెట్టె మీద ఈ మూడూ ఉంటేనే కొనాలి. నావి ఒక సైజు పెద్దవి, అందుకే ఎంత బిగించినా వదులుగానే ఉండేవి. దారిలో బనిహాల్ అనే ఊరు దాటాక మంచు పలచబడి తడి తారు కనిపించినా, ఇంకాస్త దూరం పోయాక తీద్దాంలే అని 50 వేగంతో వెళ్లాను. ఒక అడ్డగొలుసు తెగి, చక్రం తిరిగిన ప్రతిసారీ లోపలి ప్లాస్టిక్‌ను డోలు వాయించినట్టు వాయించింది. సైజు తప్పు అమ్మినాయనది, వేగం తప్పు నాది. ఏ చైన్లతోనైనా 30, 40 వేగానికి మించకపోవడమే మంచిది.

రెండో ఏడాది వజ్రాకారపు అల్లిక ఉన్నవి కొన్నాను, ఇప్పటికీ అవే వాడుతున్నాను. నిచ్చెన రకంలో రెండు మెట్ల మధ్య ఒట్టి రబ్బరే నేలను తాకుతుంది, అందువల్ల బండి గతుకుల్లో పోతున్నట్టు ఊగుతుంది, మలుపులో పక్కకు జారుతుంది కూడా. ఈ అల్లికలో ఎప్పుడూ ఏదో ఒక లంకె మంచును కరుచుకునే ఉంటుంది. కొన్న వెంటనే వాడుక తెలియాలని ఆ సంక్రాంతి సెలవుల్లోనే మా ఇంటి ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో, నాలుగైదుసార్లు తొడిగి తీశాను. పక్కింటి పెద్దాయన గేటు దగ్గర నిలబడి కాసేపు చూసి, “ఏమబ్బా, కారుక్కూడా కాలిగొలుసులు పెడతా ఉండావే?” అన్నాడు. వీధంతా నవ్వుకున్నా, ఆ సాధనే తర్వాత నన్ను కాపాడింది.

ఎందుకంటే మంచులో ఈ పని చేసేటప్పుడు ఆలోచించే ఓపిక ఉండదు. బియ్యం సంచి పరుచుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి. టైరు వెనుకగా చేయి దూర్చి లోపలి కొక్కెం తగిలించేటప్పుడు అది కంటికి కనిపించదు, వేళ్లతోనే వెతుక్కోవాలి. తడిచేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుంటుంది, ఉన్ని చేతిజోళ్లు రెండు నిమిషాల్లో నానిపోతాయి. ఉన్ని జోళ్ల మీద అంట్లు తోముకునే రబ్బరు జోళ్లు వేసుకోవడమే నాకు దొరికిన ఉపాయం. లోపలి కొక్కెం తర్వాత బయటిది తగిలించి, బిగింపు గొలుసు లాగి, వంద మీటర్లు నడిపి, దిగి మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపును బద్ధకించినవాళ్ల చైన్లే రోడ్డు పక్కన తెగి పడి ఉంటాయి. మొదట్లో నాకు 40 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 12 నిమిషాల్లో అయిపోతుంది.

ఈ దారిలో తొడగడం ఒక్కసారితో తీరదు. ఖాజీగుండ్ దగ్గర 2021లో తెరిచిన కొత్త సొరంగం దాదాపు 8.5 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. 1956 నాటి పాత జవహర్ సొరంగం కంటే ఇది సుమారు 400 మీటర్లు దిగువన ఉండటంతో పైనున్న మంచు బెడద చాలావరకు తప్పింది. కాని లోపల రోడ్డు పొడిగా ఉంటుంది. చైన్లతోనే లోపలికి పోతే అవీ అరుగుతాయి, టైరూ అరుగుతుంది, రోడ్డూ పాడవుతుంది. అందుకని ముఖద్వారానికి ముందు తీసి, బనిహాల్ వైపు బయటపడ్డాక మంచు ఉంటే మళ్లీ తొడగాలి. రోడ్డు పనిలోనే బతుకుతున్నవాణ్ణి గనుక, తీయకుండా దూసుకుపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పెట్టె మీద రాయని లోపం ఒకటుంది. నా కారుకు ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది కాబట్టి చైన్లు వాటికే వేస్తాను. ఎక్కేటప్పుడు దీనికి సాటి లేదు. దిగేటప్పుడు మాత్రం ముందు చక్రాలు మంచును పట్టుకుంటాయి, వెనుకవి పట్టుకోవు. నిరుడు బనిహాల్ తర్వాత వచ్చే రామ్సూకు ముందు ఒక మలుపులో బ్రేకు తొక్కగానే కారు వెనుకభాగం నన్ను దాటి ముందుకు పోవాలని చూసింది. ఎడమవైపు లోయ. తిరుమల ఘాట్ దిగేటప్పుడు మా నాయన నేర్పినట్టు, మలుపు రాకముందే రెండో గేరులోకి వచ్చి, ఇంజనుతోనే వేగం తగ్గించి ఉంటే అంత దూరం వచ్చేది కాదు. డబ్బుకు వెనుకాడకపోతే నాలుగు చక్రాలకూ కొనడం మేలు. నేను ఈ ఏడాది ఇంకో జత కొన్నాను, డిక్కీ మాత్రం పూర్తిగా నిండిపోయింది.

మన్నిక విషయానికి వస్తే, రెండు శీతకాలాల తర్వాత లంకెలు సన్నబడ్డాయి గాని తెగలేదు. బిగింపుకు ఇచ్చిన రబ్బరు పట్టీ మాత్రం చలికి బిరుసెక్కి మొదటి ఏడాదే విరిగింది. విడిగా దొరుకుతుంది, రెండు దగ్గర ఉంచుకోవాలి. తడిచైన్లను సంచిలో కుక్కి మరిచిపోతే మూడు రోజుల ప్రయాణంలోనే తుప్పు పడతాయి. గువ్వలచెరువు ఘాట్‌లో పాలకోవా కోసం ఎలాగూ ఆగుతాను కనుక, అక్కడి ఎండలో డిక్కీ తలుపు మీద ఆరేస్తాను. ఇంటికి చేరాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలచగా ఇంజనాయిలు పూసి అటక మీద పెడతాను.

మొదటి జతను పాత ఇనుముకు వేద్దామనుకుంటే అమ్మ ఒప్పుకోలేదు. తెగిన అడ్డగొలుసులన్నీ తీయించి, మిగిలిన పక్కగొలుసును పశువుల కొట్టంలో జెర్సీ ఆవుకు కట్టింది. అక్కడ అది రెండేళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది.