లైనక్స్ కెర్నెల్ కోడింగ్ స్టైల్, 12వ భాగం: ఈనమ్‌ల వరకు నా రివ్యూ

లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) కోడ్ ఎలా రాయాలో చెప్పే గైడ్ ఇది. డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రామ్) కోడ్ రాసేవాళ్లు ఈ భాగం తప్పకుండా చదవండి, ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఒకదానితో ఒకటి సంబంధం ఉన్న కాన్‌స్టంట్లు (మారని విలువలు) చాలా ఉంటే ఈనమ్ (అలాంటి విలువలకు పేర్లు పెట్టి ఒకే టైపుగా కట్టే సీ భాష పద్ధతి) వాడమని, వాటి పేర్లు పెద్దక్షరాల్లో పెట్టమని చెబుతుంది.

ఇందులో ఏముందిలే అనిపిస్తుంది గానీ, నేను ఒకప్పుడు చూసిన డ్రైవర్‌లో డివైస్ స్టేట్‌లన్నీ డిఫైన్‌లే (నంబర్‌కి పేరు పెట్టే మాక్రోలు), జీడీబీ అనే డీబగ్గర్‌లో ప్రింట్ చేస్తే ఉత్త 3 అని వచ్చేది, ఆ 3 ఏంటో తెలియాలంటే ప్రతిసారీ హెడర్ ఫైల్ తెరిచి వెతుక్కోవాలి, అర్ధరాత్రి బగ్ పట్టుకునేటప్పుడు అదెంత టెన్షనో! వేరియబుల్‌ని ఈనమ్ టైపుకి మార్చాక నంబర్ బదులు స్టేట్ పేరే కనిపించింది, ప్రాణం లేచొచ్చింది. పైగా స్విచ్‌లో డిఫాల్ట్ పెట్టకుండా ఏదైనా కేస్ మర్చిపోతే, వాల్ (-Wall) ఆప్షన్ ఉంటే జీసీసీ కంపైలర్ హెచ్చరిస్తుంది.

ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానంటే, యూజర్ ప్రోగ్రాములకు కనిపించే ఈనమ్‌ల సంగతి అక్కడ లేదు. విలువలు ఇవ్వకుండా మధ్యలో కొత్త పేరు దూరిస్తే కింద నంబర్లన్నీ జరిగిపోయి పాత బైనరీలు (ముందే కంపైల్ చేసిన ప్రోగ్రాములు) దెబ్బతింటాయి. కొత్తది చివర్లోనే చేర్చాలని కొత్తవాళ్లకు అక్కడే చెప్పి ఉండాల్సింది.