రాత్రి 2 గంటలకు గేటు తీసే లాడ్జి కావాలి

లాడ్జికి ఫోన్ చేస్తే ఏసీ ఉందా, వేడినీళ్లు వస్తాయా అని అడగడం నేను మానేశాను. రాత్రి 2 గంటలకు గేటు తీస్తారా అనేదే నా మొదటి ప్రశ్న. అవతలివాళ్లు కాసేపు మాట్లాడరు. ఆ తరువాత వచ్చే జవాబును బట్టి ఆ ఊళ్లో చుక్కల ఫొటోలు దక్కుతాయో లేదో చెప్పేయొచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ట్రైపాడ్ వేసుకుని తిరిగాక, స్థలం ఎంత ముఖ్యమో బస అంతకన్నా ముఖ్యమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

స్థలానికి వస్తే మన తీరం అదృష్టం మామూలుది కాదు. ఇక్కడ ఒడ్డు ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, అంటే సముద్రం ఉండేది ఆగ్నేయంలో. ధనుస్సు, వృశ్చిక రాశుల మధ్య కనిపించే పాలపుంత నడిబొడ్డు కూడా ఇంచుమించు ఆగ్నేయంలోనే ఉదయిస్తుంది. ఆ దిక్కున ఊళ్లు లేవు, వీధి దీపాలు లేవు, మధ్యలో కొండ కూడా లేదు. మార్చి మొదట్లో అది రాత్రి 2 గంటల ప్రాంతంలో నీళ్లమీదికి వస్తుంది, రోజుకు 4 నిమిషాల చొప్పున ముందుకు జరిగి మే నెలకి 10 గంటలకే పైకొస్తుంది. మేలో రాత్రంతా తీసుకోవచ్చు కదా అంటారు. నిజమే, కానీ అప్పటికి గాలిలో తేమ, మసక పెరిగిపోయి ఆకాశం కడగని గాజులా ఉంటుంది. నా ఓటు మార్చికే. అది కాస్త పైకెక్కాక 3 నుంచి 5 దాకా రెండు గంటలే దొరుకుతాయి, ఆ తరువాత తూర్పు తెల్లబారుతుంది. అయినా చాలు.

అమావాస్య రోజే వెళ్లాలని పట్టుబట్టనక్కర్లేదు. తెల్లవారుజామున తీసేవాళ్లకు అమావాస్య దాటిన వారం ఇంకా సుఖం. శుక్లపక్షం మొదటి వారంలో చంద్రుడు ఇంచుమించు అర్ధరాత్రి లోపే అస్తమిస్తాడు. అమావాస్యకు ముందు రోజుల్లో అయితే నెలవంక సరిగ్గా మనం తీసే వేళకే తయారవుతుంది.

కళింగపట్నం అందరూ చెప్పే చోటు. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. పగలు చాలా బావుంటుంది. రాత్రి ఇబ్బంది దీపస్తంభంతో వస్తుంది. అది తిరుగుతూనే ఉంటుంది కాబట్టి 15 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే ఇసుక మీద వెలుగు పదే పదే పడి ముందుభాగం తెల్లబోతుంది. ఏటి మొగ వైపు బాగా నడిచి, దీపస్తంభం వీపు వెనక ఉండేలా నిలబడితే కొంత నయం. బస మాత్రం శ్రీకాకుళం టౌన్‌లో చూసుకున్నాను. ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మామూలు లాడ్జి, దుప్పట్లు శుభ్రం, బాత్రూం పరవాలేదు. దాని అసలు గొప్ప వాచ్‌మన్ తాత. అర్ధరాత్రి దాటాక లేపితే విసుక్కోకుండా తాళం తీశాడు. పక్కన మా బావ ట్రైపాడ్ మోస్తుంటే చూసి, "ఏటి బావూ, ఈ రేత్రప్పుడు సుక్కలకి అంత దూరమెందుకు? డాబా ఎక్కితే అగుపడవేటి?" అన్నాడు. బావకి ఆ మాట నచ్చింది. కారులో సగం దారి దాకా వదల్లేదు.

శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల వెనక పాలపుంత రావాలని చాలామందికి కోరిక, నాకూ ఉంది. 1919లో గిడుగు రామమూర్తి గారు ఆ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారన్న అభిమానం కూడా తోడైంది. కానీ అది పురావస్తు శాఖ కాపాడుతున్న చోటు, చీకటి పడ్డాక పైన ఉండనివ్వరు. సాయంత్రం ఎక్కి వంశధారను చూసి దిగిపోవడమే.

ఇక బారువ. మహేంద్రతనయ సముద్రంలో కలిసే ఊరు, శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద ఒడిశా వైపు పోతే సోంపేట దగ్గర. ఇక్కడా దీపస్తంభం ఉంది, కాకపోతే ఒడ్డు పొడుగు ఎక్కువ కాబట్టి తప్పించుకోవచ్చు. ఒడ్డుకు దగ్గరగా ఒక బసలో దిగాం. గదిలో ముక్కిన వాసన, కుళాయిలో కాస్త ఉప్పునీళ్లు, భోజనం ముందే చెప్పకపోతే లేదు. చేపల పులుసు మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఇవన్నీ సర్దుకున్నాను కానీ బీచ్ వైపు తిప్పిపెట్టిన రెండు ఫ్లడ్‌లైట్లు తెల్లవార్లూ వెలగడం చూసి టెన్షన్ వచ్చింది. మేనేజర్ గారికి ఫోన్ చేస్తే, "భద్రత కోసం సార్" అన్నారు. తాబేళ్ల మాట ఎత్తాక మెత్తబడ్డారు. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం కూడా సుమారుగా ఇదే. ఒడ్డున తెల్లని వెలుగు ఉంటే తల్లి తాబేలు వెనుదిరిగిపోవచ్చు, గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం అనుకుని లైట్ల వైపు పాకుతాయి. లైట్లు ఆర్పారు. అందుకే ఇక్కడికి వచ్చేవాళ్లు ఎర్ర టార్చి తెచ్చుకోండి. అది మన కంటి చూపు చీకటికి అలవాటు తప్పకుండా కూడా కాపాడుతుంది. తాబేలు కనబడితే ఎర్ర వెలుగు కూడా ఆర్పి దూరంగా ఉండండి, ఫ్లాష్ మాట అసలే వద్దు.

లైట్లు ఆరాక బారువ ఆకాశం ఎలా ఉందో చెప్పడం కష్టం. 3 గంటలకు దక్షిణాన, సముద్రం మీద కాస్త ఎత్తులోనే త్రిశంకు (సదరన్ క్రాస్ అనే చుక్కల గుంపు) నిలబడి ఉంది. హైదరాబాద్‌లో భవనాల మధ్య నుంచి దాన్ని చూడాలంటే గగనమే. ఎడమ పక్కన జ్యేష్ఠ నక్షత్రం ఎర్రగా, దాని కింద తేలు తోక, ఆ పక్కనే పాలపుంత లావుపాటి భాగం. ఒడ్డుకు లాగిపెట్టిన తెప్పను ముందుభాగంలో పెట్టుకున్నాను. నాది ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న) సెన్సార్ కెమెరా. 18 మిల్లీమీటర్ల దగ్గర 500 సూత్రం (చుక్కలు గీతలవకుండా షట్టర్ ఎంతసేపు తెరవొచ్చో చెప్పే లెక్క) వేస్తే 18 సెకన్ల దాకా పోవచ్చు (18ని సెన్సార్ క్రాప్ 1.5తో గుణిస్తే 27, 500ను దానితో భాగించాలి). ఇప్పటి సెన్సార్లకు ఆ సూత్రం కాస్త ఉదారం. పెద్దది చేసి చూస్తే చుక్కలు గీతలవుతున్నాయి, అందుకే 13 సెకన్లకే ఆపేస్తాను. ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, రా ఫైలు. ఫోకస్ కోసం లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మొద్దు. లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కను పెద్దది చేసి, అది అతి చిన్న బిందువయ్యేదాకా చేత్తో తిప్పాలి. ట్రైపాడ్ కాళ్లను ఇసుకలోకి బాగా దింపకపోతే అల తగిలినప్పుడల్లా కెమెరా కదులుతుంది.

సముద్రపు తేమ మాత్రం శత్రువే. అరగంటలో లెన్స్ మీద మంచు పడుతుంది. పవర్ బ్యాంక్‌తో నడిచే వేడి పట్టీ లెన్స్‌కు చుట్టడం ఒక్కటే నాకు పనిచేసిన ఉపాయం. 4 దాటాక జాలర్లు వేటకు బయల్దేరతారు, టార్చీలు ఇటే వెలుగుతాయి. వాళ్ల పని వాళ్లది, మనమే పక్కకు జరగాలి.

విజయనగరం జిల్లాలో తాటిపూడి రిజర్వాయర్ కథ పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ దక్షిణాన విశాఖ, తూర్పున విజయనగరం వెలుగు ఆకాశానికి ఎక్కి పాలపుంతను మింగేస్తాయి. ఉత్తరం వైపు మాత్రం కొండలు, చీకటి. కాబట్టి ధ్రువ నక్షత్రం చుట్టూ వలయాలుగా వచ్చే చుక్కల గీతలకు (స్టార్ ట్రెయిల్స్) అది మంచి చోటు. మన దగ్గర ధ్రువ నక్షత్రం ఎత్తు మన అక్షాంశమంతే, సుమారు 18 డిగ్రీలు. కొండల తలల మీద వలయాలు బాగా కూర్చుంటాయి. ఒకే పొడుగు ఎక్స్‌పోజర్ కన్నా 30 సెకన్ల ఫొటోలు వరసగా తీసి కలపడం మేలు, సెన్సార్ వేడెక్కి వచ్చే నాయిస్ (ఫొటోలో మచ్చలు) తగ్గుతుంది. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే సెట్టింగ్ ఆపేయాలి. అది ప్రతి ఫొటో తరువాత అంతే సేపు కెమెరాను ఆపుతుంది కాబట్టి గీతలు ముక్కలవుతాయి. గంటకు 15 డిగ్రీల చాపం వస్తుంది. గట్టు మీద కాపలావాళ్లకు ముందుగా చెప్పి, దూరంగా నిలబడండి. అది విశాఖకు తాగునీళ్లిచ్చే జలాశయం, వాళ్ల అనుమానం సహజం.

విజయనగరంలో మేం దిగిన లాడ్జి గది ఈ యాత్ర మొత్తంలో మంచిది, అద్దె ఎక్కువ, టీవీ పెద్దది. రాత్రి 11కి గేటుకు తాళం, తాళంచెవి ఇంటికెళ్లిపోయిన మేనేజర్ దగ్గర. ఫోన్‌లో "తెల్లారాక వెళ్లండి సార్, సూర్యోదయం బావుంటుంది" అని సలహా ఇచ్చాడు. ఆ లాడ్జికి నేను ఒక్క చుక్క కూడా ఇవ్వను. మర్నాడు, రాత్రి గేటు తీస్తామని రిసెప్షన్‌లో రాయించుకున్నాకే బయటపడ్డాం.

చింతపల్లి బీచ్ దగ్గర ఆగాం కానీ నైరుతిన భోగాపురం వైపు వెలుగు, పైగా మళ్లీ దీపస్తంభం. గంటలోపే లేచాం.

కారు విషయంలో ఒక మాట. డ్రైవర్‌కు పగలు నిద్రపోవడానికి గది ఇవ్వండి, బేటా (రోజువారీ భత్యం) రెండు రోజులది ఇవ్వండి. తెల్లవారుజామున జాతీయ రహదారి మీద లారీల మధ్య తిరిగి రావాలి, అతనే మనకన్నా మెలకువగా ఉండాలి. మాకు దొరికిన కుర్రాడు పలాసలో జీడిపప్పు ఏ కొట్లో కొనాలో కూడా చెప్పాడు. గీసి గీసి బేరమాడే మా బావ అక్కడ మాత్రం నోరెత్తలేదు.