అమలాపురం జెర్సీల షాపు: పేరు వేయించుకున్న కథతో సహా

మా హైస్కూలు ఫుట్‌బాల్ టీముకి పదహారు జెర్సీలు చేయించాను. గడియార స్తంభం సెంటర్ దగ్గర చిన్న షాపు. ప్రింటింగుతో కలిపి ఒక్కోటి 320 రూపాయలు. నిరుడు వేరే ఊళ్లో చేయిస్తే నంబర్లు స్టిక్కర్లలా అంటించారు, మూడు ఉతుకులకే అంచులు లేచిపోయాయి. ఇక్కడ సబ్లిమేషన్. కాగితం మీద ప్రింటు తీసి, గుడ్డ మీద పరిచి వేడి ప్రెస్ దింపుతారు. రంగు పోగుల్లోకి దిగిపోతుంది, వేలితో రాస్తే ఏమీ తగలదు. వానాకాలమంతా బురదలో ఆడినా చెక్కుచెదరలేదు.

పిల్లలు మెస్సీ, రొనాల్డో అన్నారు. నాకు మాత్రం తెలుగులో ‘క్లోప్’ అని వేయమన్నాను. ‘క’ కింద లావత్తు ఎంత పొందికగా వచ్చిందో! షాపాయన అడిగారు, “ఎవరండీ మాస్టారూ, ఏ పొజిషను?”

కోచ్ అండి, అన్నాను. యుర్గెన్ క్లోప్ జర్మనీలో మైంజ్ క్లబ్బుకి 300కు పైగా మ్యాచ్‌లు ఆడాడు, అన్నీ రెండో డివిజన్‌లోనే. ఫార్వర్డ్‌గా మొదలై డిఫెండరయ్యాడు. దేశం జట్టు పిలుపే రాలేదు. 2001 ఫిబ్రవరిలో టీము కిందికి పడిపోయేలా ఉంటే, ఇంకా ఆటగాడిగా ఉన్న ఆయన్నే కోచ్‌ని చేశారు. నిలబెట్టాడు. తర్వాత వరసగా రెండేళ్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, 2004లో మొదటి డివిజన్‌కి చేర్చాడు. డోర్ట్‌మండ్‌కి రెండు లీగ్ టైటిళ్లు తెచ్చి, 2015లో ఇంగ్లండ్ వెళ్లి లివర్‌పూల్ పట్టాడు.

2019 మేలో బార్సిలోనాతో మ్యాచ్ డాబా మీద ఫోన్లో చూశాను, మన టైము రాత్రి పన్నెండున్నరకి. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. మొదటి మ్యాచ్‌లో లివర్‌పూల్ 3-0 ఓడింది, పైగా ముఖ్యమైన ఫార్వర్డ్‌లు సలా, ఫిర్మినో గాయాలతో లేరు. ఒకటే టెన్షన్. 79వ నిమిషంలో అవతలివాళ్లు సర్దుకునేలోపే కార్నర్ కొట్టేశారు, డివోక్ ఒరిగీ అనే ఆటగాడు నాలుగో గోలు వేశాడు. నేను అరిచిన అరుపుకి కింద మా అమ్మ లేచింది. ఆ ఏడు యూరప్ క్లబ్బుల కప్పు (ఛాంపియన్స్ లీగ్), 2020లో ముప్ఫయ్యేళ్ల తర్వాత ఇంగ్లండ్ లీగ్ గెలిపించాడు.

షాపాయన అంతా విని, ఆ పేరు కింద ‘కోచ్’ అని చిన్నక్షరాల్లో తనే వేసిచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

లోపాలూ చెప్పాలి. నాలుగు రోజులు ఆలస్యం చేశారు, ఫోను ఎత్తలేదు. ఆరో తరగతి పిల్లలకి భుజాలు జారుతున్నాయి, కొలతలకి వాళ్లని వెంటబెట్టుకెళ్లండి. సంక్రాంతికి గోల్‌కీపర్ జెర్సీలు రెండు కావాలి, అడ్వాన్సు అక్కడే ఇచ్చొచ్చాను.