ఎటాప్‌తో చాలాకాలం: రాత్రి ఒంటిగంట లోడ్‌ని పొద్దున కూర్చుని చూడగలగడం

ఇంట్లో గేమ్ సర్వర్ నడిపేవాళ్లకి లోడ్ సమస్య, అంటే మెషిన్ మీద పని భారం పేరుకుపోవడం, ఎప్పుడూ ఒకేలా ఎదురవుతుంది. అందరూ ఆడుతున్న సమయంలో సర్వర్ బిగుసుకుపోతుంది, మనకి మెసేజ్ వస్తుంది. లాగిన్ అయి, ఇప్పుడు ఏం నడుస్తోందో చూపించే టాప్ అనే టూల్ తెరిచేసరికి అంతా మామూలైపోయి ఉంటుంది. లోడ్ ఒక నిమిషం సగటు దిగిపోయి, పదిహేను నిమిషాల సగటు మాత్రం ఇంకా పైన కనిపిస్తుంది. అంటే ఇందాక ఏదో జరిగింది. ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఉండరు.

ఎటాప్ కూడా టాప్ లాంటిదే, లినక్స్ మెషిన్ పరిస్థితిని చూపించే టూల్. అది నాకు ఇంత నచ్చడానికి కారణం ఒక్కటే. అది వెనక్కి వెళ్తుంది. ఇన్‌స్టాల్ చేసిన దగ్గర్నుంచి వెనకాల మౌనంగా నడుస్తూ మెషిన్ పరిస్థితిని రోజుకో ఫైల్‌గా రాసిపెడుతుంది. తర్వాత తీరిగ్గా ఆ ఫైల్ తెరిచి, బీ నొక్కి టైమ్ ఇస్తే ఆ క్షణానికి తీసుకెళ్తుంది. చిన్న టీ నొక్కితే ముందుకి, పెద్ద టీ నొక్కితే వెనక్కి. అప్పుడు నడుస్తున్న ప్రాసెస్‌లు, వాటి స్థితి, డిస్క్ ఎంత బిజీ, మెమరీ ఎంత మిగిలింది, అన్నీ ఆ టైమ్‌కి ఉన్నట్టే కనిపిస్తాయి. రంగులు, కీలు, మిగతా హంగుల గురించి రాయను, వాటి మీద కావలసినంత సమాచారం ఉంది.

నా సెటప్ చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. నాలుగు కోర్ల పాత డెస్క్‌టాప్, దాని మీద డెబియన్ లినక్స్. తిరిగే హార్డ్ డిస్క్‌లు రెండు, వాటిని సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1గా కలిపాను, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్ వరల్డ్ దాని మీదే ఉంటుంది. ఆడేది మా స్నేహితుల గుంపు, వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు. శనివారం రాత్రి అందరూ ఒకేసారి వస్తారు, అర్ధరాత్రి దాటినా వదలరు.

మామూలు శనివారాల్లో ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఎప్పుడో ఒక శనివారం మాత్రం రాత్రి ఒంటిగంట ప్రాంతంలో గ్రూప్‌లో మెసేజ్‌లు మొదలయ్యేవి. "అన్నా, బ్లాక్ పగలగొడితే మళ్లీ వచ్చేస్తోంది." "అన్నా, ముందుకెళ్తే మ్యాప్ లోడ్ అవ్వట్లేదు, ఖాళీగా ఉంది." సర్వర్ లాగ్‌లో, సర్వర్ వెనకబడిపోతోందనే ఆ పరిచయమైన హెచ్చరిక వరుసగా పడేది. ఈ గేమ్‌కి సెకనుకి 20 టిక్‌లు (గేమ్ లోకం ఒక్కో అడుగు ముందుకి కదలడం) తిరగాలి, ఒక్కో టిక్‌కి 50 మిల్లీసెకన్లే గడువు. ఆ రాత్రుల్లో టిక్‌లు సెకన్ల లెక్కన వెనకబడేవి. లోడ్ 14 దాకా వెళ్లేది. నాలుగు కోర్ల మెషిన్‌కి అది చాలా ఎక్కువ.

తలా ఒక కారణం చెప్పారు. కొత్తగా వేసిన మాడ్ (గేమ్‌ని మార్చే అదనపు ముక్క) అని ఒకరు, గేమ్ సర్వర్ నడిచే జావాకి మెమరీ చాలట్లేదని ఒకరు, ఎవరో ఊరి నిండా హాపర్లు (వస్తువులని లాగి పంపే బ్లాకులు) పెట్టారని ఇంకొకరు. ఏదీ కొట్టిపారేయాల్సిన మాట కాదు, మూడూ నిజంగా సర్వర్లని ముంచగలవే. కానీ ఒక్కదానికీ ఆధారం లేదు. పైగా ఇది వారాల తరబడి రాకుండా, అందరూ మర్చిపోయాక మళ్లీ వచ్చేది.

ఒకసారి అలాగే జరిగిన రాత్రి మర్నాడు పొద్దున ఎటాప్ ఫైల్ తెరిచి ఒంటిగంట పదికి వెళ్లాను.

మొదట కళ్లబడింది సీపీయూ లైన్. సీపీయూ దాదాపు ఖాళీ. వెయిట్, అంటే డిస్క్ కోసం ఎదురుచూపు, మాత్రం విపరీతంగా ఉంది. జావా ప్రాసెస్ కూడా మామూలు రోజు కంటే తక్కువ సీపీయూ వాడుతోంది. దాంతో మాడ్, హాపర్ల వాదనలు అక్కడికక్కడే పోయాయి. వాటి వల్లే అయితే కనీసం ఒక కోర్ పూర్తిగా నిండి ఉండాలి. లినక్స్‌లో లోడ్ సగటు అంటే సీపీయూ కోసం క్యూలో ఉన్నవాళ్ల లెక్క మాత్రమే కాదు. డిస్క్ లాంటి వాటి కోసం ఆగిపోయి, లేపినా లేవని స్థితిలో ఉన్న థ్రెడ్లు (ప్రాసెస్ లోపల విడివిడిగా నడిచే పనులు) కూడా అందులో కలుస్తాయి. 1993 నుంచీ అంతే. ఎటాప్ పై వరుసలో ఆ థ్రెడ్ల సంఖ్యని విడిగా చూపిస్తుంది. అక్కడ రెండంకెల సంఖ్య ఉంది. వై నొక్కితే జావా లోపలి థ్రెడ్లు విడివిడిగా వచ్చాయి, చాలావాటి పక్కన ఆ లేవని స్థితిని సూచించే డి అక్షరం. డిస్క్ మీద మార్పుల చిట్టా (ఫైల్‌సిస్టమ్ జర్నల్) రాసే కెర్నల్ థ్రెడ్, అంటే లినక్స్ సొంత థ్రెడ్, కూడా అదే స్థితిలో ఉంది. 14 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది.

డిస్క్ లైన్లు రెండూ ఎర్రగా, నూరు శాతం బిజీ. సరే, డిస్క్‌ని ఎవరు తింటున్నారు? డి నొక్కి డిస్క్ వాడకం ప్రకారం ప్రాసెస్‌లని పేర్చాను. అక్కడ వచ్చింది చిక్కు. ఎవరూ లేరు. జావా కొంచెం రాస్తోంది, లాగ్ రాసే సర్వీసు ఇంకొంచెం. అన్నీ కలిపినా డిస్క్ చేసిన రీడ్లలో ఒక మూలకి రావు. సెకనుకి వంద మెగాబైట్ల దాకా రెండు డిస్క్‌ల నుంచీ చదువుతున్నారు, ఆ చదువు ఎవరి ఖాతాలోనూ లేదు.

ఇక్కడే ఈ టూల్ విలువ నాకు పూర్తిగా తెలిసింది. లైవ్‌గా చూసే టూల్ అయితే నేను అక్కడ ఆగిపోయేవాడిని. ఎటాప్‌లో మాత్రం అంతకు ముందు శనివారం ఫైల్ ఇంకో విండోలో తెరిచి, అదే టైమ్‌కి పెట్టి, రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చదవగలిగాను. మంచి రాత్రి లిస్టులో లేనిది, చెడ్డ రాత్రి లిస్టులో ఉన్నది ఒక్కటే పేరు: ఎండీ0 రీసింక్. చాలా కింద, ఏ మాత్రం సీపీయూ వాడకుండా కూర్చున్న కెర్నల్ థ్రెడ్. పెద్ద టీ నొక్కుకుంటూ వెనక్కి వెళ్తే ఒంటిగంటకి ముందు శాంపిల్స్‌లో అది లేదు.

అక్కడి నుంచి ఇక వెతకాల్సిన పని లేకపోయింది. రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎం ప్యాకేజీ నా మెషిన్‌లో ఒక క్రాన్ ఫైల్ (చెప్పిన టైమ్‌కి పనిని దానంతటదే మొదలుపెట్టేది) పెట్టింది. ఆదివారం 00:57కి లేస్తుంది, ఆ రోజు తేదీ 7 దాటకపోతే రెండు డిస్క్‌లనీ మొదటి నుంచి చివరి దాకా చదివి పోల్చి చూస్తుంది. అంటే నెలలో మొదటి ఆదివారం. ఆదివారం తెల్లవారుజాము అని వాళ్లు ఎంచుకున్న సమయం మాకు శనివారం రాత్రి. ఆఫీసు సర్వర్‌కి అంతకంటే మంచి సమయం ఉండదు. గేమ్ సర్వర్‌కి అంతకంటే చెడ్డ సమయం ఉండదు.

ఈ చెక్‌కి వేగ పరిమితి ఉంది. కింది హద్దు డీఫాల్ట్‌గా సెకనుకి 1000 కిలోబైట్లు, పై హద్దు 2,00,000. ఆ పై హద్దుని నా పాత డిస్క్‌లు ఎలాగూ అందుకోలేవు, కాబట్టి హద్దు లేనట్టే. వేరే ఎవరైనా డిస్క్ అడిగితే చెక్ తగ్గాలి. కానీ గేమ్ అడిగేవి చిన్న చిన్న రీడ్లు, అక్కడొకటి ఇక్కడొకటి. నాకు అర్థమైనంతవరకు ఆ మధ్య ఖాళీల్లో చెక్ మళ్లీ ఊపందుకుంటోంది, తిరిగే డిస్క్ ముల్లు ఆ రెండింటి మధ్య పరిగెడుతూనే ఉంటోంది.

చెక్‌ని ఆపేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోను. ఎవరూ ముట్టుకోని మూలల్లో పాడైన సెక్టార్లని (డిస్క్‌లోని చిన్న గదులని) ముందుగా బయటపెట్టేది అదే. ఒక డిస్క్ పోయి, రెండోదాని నుంచి తిరిగి నింపుతున్నప్పుడు ఆ సెక్టార్ బయటపడితే వరల్డ్ గతి ఏం కాను? అందుకని టైమ్‌ని వారం మధ్యలో పగటిపూటకి మార్చి, పై హద్దుని బాగా తగ్గించాను. చెక్ ఇదివరకటి కంటే చాలా ఎక్కువసేపు నడుస్తుంది. ఆడేవాళ్లకి తెలియదు. ఆ తర్వాత మొదటి ఆదివారాలు ప్రశాంతంగా గడుస్తున్నాయి.

ఇది జరిగిన కొత్తలో కనబడిన ప్రతివాళ్లకీ "ఎటాప్ వేసి వదిలేయండి, చాలు" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ "వదిలేయండి" అనే మాట వెనక్కి తీసుకుంటాను.

డీఫాల్ట్‌గా అది 600 సెకన్లకి ఒకసారి రాస్తుంది. గంటల తరబడి నడిచే రెయిడ్ చెక్‌కి అది సరిపోయింది. కానీ బ్యాకప్ కుదించే సమయంలో వచ్చే ముప్పై సెకన్ల కుదుపు పది నిమిషాల సగటులో కలిసిపోయి, ఏమీ జరగనట్టే ఉంటుంది. నేను 60 సెకన్లకి దించాను. రోజువారీ ఫైల్ సైజు ఆ మేరకి పెరిగింది. శాంపిల్స్ మధ్యలో పుట్టి ముగిసిపోయిన ప్రాసెస్‌లని కోణపు బ్రాకెట్లలో చూపించడం మాత్రం చాలా మంచి ఏర్పాటు. క్రాన్ నుంచి లేచి పని చేసి మాయమయ్యే స్క్రిప్టులు అక్కడ దొరుకుతాయి.

ఇంకోటి, దీని గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పాత ఫైళ్లని 28 రోజులే ఉంచుతుంది. ఒక నెల మొదటి ఆదివారం నుంచి తర్వాతి నెల మొదటి ఆదివారానికి 28 రోజులైనా ఉంటాయి, 35 అయినా ఉంటాయి. 35 వచ్చిన నెలలో, పోల్చి చూడాల్సిన పాత చెడ్డ రాత్రి ఫైల్ అప్పటికే తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. నెలకోసారి వచ్చే జబ్బుని పట్టడానికి ఇది సరిగ్గా సరిపోని గడువు. నాకు మామూలు శనివారంతో పోలిక సరిపోయింది కానీ, రెండు చెడ్డ రాత్రుల్లోనూ అదే పేరు ఉందని ఆ రోజే తేల్చుకోవాలంటే కుదరలేదు. ఇప్పుడు మూడు నెలలవి ఉంచుతున్నాను.

జావా లోపల ఏం జరుగుతోందో ఇది చెప్పదు. సీపీయూ నిండి, డిస్క్ ఖాళీగా ఉండి టిక్‌లు వెనకబడుతుంటే తప్పు గేమ్‌లోనే ఉందని తేలుతుంది. ఏ ప్లగిన్, ఏ చంక్ (మ్యాప్‌లో ఒక ముక్క) అనేదానికి, గేమ్ లోపల టైమ్ ఎక్కడ పోతోందో చూపించే స్పార్క్ లాంటి ప్రొఫైలర్ కావాలి. ప్రాసెస్ వారీగా నెట్‌వర్క్ లెక్క కావాలన్నా అదనంగా కెర్నల్ మాడ్యూల్ లాంటిది ఒకటి వేయాలి. అది నేను వేయలేదు, మా గుంపుకి అవసరం పడలేదు. కొత్త ఎటాప్ వెర్షన్లలో ప్రెషర్ లెక్కలు (సీపీయూ, మెమరీ, డిస్క్‌లలో దేని కోసం పనులు ఎంతసేపు ఆగాయో) కూడా ఒక లైన్‌లో వస్తున్నాయి. 4.20 కెర్నల్ నుంచి ఉన్న సదుపాయం అది. లోడ్ 14 అంటే సీపీయూ కోసమా, డిస్క్ కోసమా అనే ప్రశ్నకి ఆ ఒక్క లైన్ చూస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది. నా కథ జరిగినప్పుడు నా వెర్షన్‌లో అది లేదు.

తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్ మీద నడిపేవాళ్లకి నేను పడిన బాధ ఇంత తీవ్రంగా రాకపోవచ్చు. అద్దె సర్వర్ తీసుకున్నవాళ్లకి గ్రాఫ్‌లు వాళ్లే ఇస్తుంటే దీని అవసరం ఇంకా తక్కువ. నాది పాత మెషిన్, పాత డిస్క్‌లు, నేను పడుకున్నాక ఆడే గుంపు. ఈ మూడింటిలో ఏదీ దగ్గర్లో మారేలా లేదు కాబట్టి నా సర్వర్‌లో ఎటాప్ ఉంటుంది. మీరు వేసుకుంటే మాత్రం ఆ 600నీ, 28నీ మొదటి రోజే మార్చుకోండి.